ఆమె ఒంటికి పడే సబ్బు

మా ఇంటామెకు కిడ్నీలు పాడయి డయాలసిస్ మొదలైన ఏడాది నేను సబ్బు చేయడం నేర్చుకున్న. అప్పటికి నాకు యాభై రెండేండ్లు. చేతులకు మగ్గం తప్ప ఇంకో పని తెల్వదు. గద్వాలలో మేముండే గల్లీలో ఏ ఇంట్లకు తొంగి చూసినా మగ్గం గుంతే కనపడుతది. మా నాయిన నేసిండు, నేను నేసిన. సబ్బు అంటే దుకాణంలో కొనుక్కొచ్చేదే గని ఇంట్లో చేసుకునేదని నేనెన్నడూ అనుకోలేదు. ఎందుకు చేయాల్సి వచ్చిందో చెప్పాలంటే ముందు దురద సంగతి చెప్పాలె.

వారానికి మూడు రోజులు వనపర్తికి పోవాలె. సోమవారం, బుధవారం, శుక్రవారం. పొద్దున ఆరుగంటల బస్సుకు గద్వాలలో ఎక్కితే ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు దాటి దవాఖాన చేరేసరికి ఎనిమిది అయితది. ఆడోళ్లకు టికెట్ లేదు కాబట్టి కండక్టర్ ఆమెకు సున్నా టికెట్ ఇచ్చి నా దిక్కు చూస్తడు. నాలుగు గంటలు ఆమె మిషన్ పక్కన పడుకోవాలె, నేను బయట వరండాలో బెంచీ మీద కూర్చోవాలె. మళ్లా ఇల్లు చేరేసరికి మూడో నాలుగో అయితది. వచ్చినంక ఆమె ఒక ముద్ద తిని పడుకుంటది. మరునాడు జర లేచి ఇంట్లో తిరుగుతది. ఆ తెల్లారి మళ్లా బస్సు.

మా చీరకు ఒళ్లు వేరు, అంచు వేరు. పేక పోగు పట్టుకొని అటూ ఇటూ ఉరికే నాడెలు రెండు అంచులకు రెండు, ఒంటికి ఒకటి, మొత్తం మూడు నాడెలు ఆడాలె. ఒక్కరితో అయ్యే పని కాదు. ఇరవై ఎనిమిదేండ్లు నా కుడి పక్కన కూర్చొని అవతలి అంచు నాడె అందించింది ఆమెనే. ఆమె ఎడమ చేతికి మిషన్ సూదులు గుచ్చేటందుకు నరాలు కలిపి ఫిస్టులా వేసినంక ఆ చెయ్యి బరువు మోయొద్దన్నరు, ఎక్కువసేపు ఒక్క తీరు కూర్చోవద్దన్నరు. నేను అంచు తక్కువున్న చీరలు పెట్టుకున్న. అవి కూడా వారంలో నాలుగు రోజులే. ఆ నాలుగు రోజుల్లో వంట, నీళ్లు, బట్టలు. మగ్గంలో కూర్చుంటే నడుము కంటే ముందు కండ్లు వాలేవి.

దురద మూడో నెలలో మొదలైంది. పైపైన ఉండే దురద కాదు. తోలు కిందినుంచి వస్తదనేది. గోకితే అందదనేది. నేను మగ్గం మీద ఉంటే ఆమె దర్వాజకు ఆనుకొని వీపు రుద్దుకునే చప్పుడు వినపడేది. దువ్వెనతో గోకేది, కొబ్బరిపీచుతో రుద్దేది. చేతుల మీద, కాళ్ల మీద తెల్లగా పొట్టు లేసి దాని నడుమ ఎర్రటి గీతలు. దుకాణంలో ఉన్న సబ్బులన్నీ తెచ్చిన. పసిపిల్లలకు పెట్టేది తెచ్చిన, మందుల దుకాణపాయన ఇచ్చింది తెచ్చిన. ఏది రుద్దినా అర్ధగంటలో తోలు బిగుసుకుపోయి మంట అనేది. శనగపిండి పెట్టుకుంటే గరుకు అనేది. నర్సమ్మను అడిగితే, "ఈ జబ్బుకు దురద ఉంటది పెదనాయిన. ఎక్కువ నురుగొచ్చే సబ్బు పెట్టకుండ్రి, కొబ్బరినూనె రాయుండ్రి," అని చెప్పి ఇంకో బెడ్డు దగ్గరికి పోయింది. ఆమెకు ఆ గదిలో ఎంతమందో.

వరండాలో మాతోపాటు కూర్చునేటామె ఒకామె ఉండేది. కొల్లాపూర్ దగ్గర పల్లె. తన అన్నను పట్టుకొని వచ్చేది. అన్నకు భార్య లేదు, పిల్లలు లేరు, చెల్లెలి ఇంట్లోనే ఉంటడు. వాళ్లది పల్లిచేను, కొంత సొంతం, కొంత కౌలు. నేను ఆమెను చెల్లె అని పిలిచేటోన్ని, ఆమె నన్ను అన్న అనేది, మా ఇంటామెను వదినె అనేది. బెంచీ మీద కూర్చొని ఎక్కువ మాట్లాడుకునేటోళ్లం కాదు. ఎవరి డబ్బా వాళ్లు విప్పుకొని తినేది, ఎవరి కునుకు వాళ్లు తీసేది. ఒకరు బయటికి పోతే ఇంకొకరు సంచులు చూసేది.

ఒకరోజు మిషన్ మీదికి పోయేముందు మా ఇంటామె చేతులు చూసి ఆ చెల్లె, "వదినె, ఏం సబ్బు పెడుతున్నవ్?" అని అడిగింది. మళ్లా వచ్చినప్పుడు పాత గుడ్డముక్కలో చుట్టి ఒక సబ్బు తెచ్చింది. పసుపు కలిసిన తెలుపు, వాసన లేదు, అంచులు కత్తితో కోసినట్టు వంకరగున్నయి.

"సంఘంల ట్రైనింగు ఇచ్చినప్పుడు నేర్చుకున్న. మా అన్నకు గిదే పెడుత. మా పల్లినూనెతోనే చేసిన," అన్నది.

రెండుసార్లు స్నానం చేసినంక మా ఇంటామె మంచం మీద కూర్చొని చేతులు చూసుకుంటూ, "ఇది ఒంటికి పడ్డది," అన్నది. దురద పోయిందనలేదు. మంట లేదన్నది. ఎన్ని నెలల తర్వాతనో ఆమె నోటినుంచి ఒకటి బాగున్నదని విన్న.

ఆ సబ్బు అయిపోవస్తే చెల్లె ఇంకోటి తెచ్చేది. ఎట్ల చేస్తరో కూడా అప్పుడప్పుడు చెప్పింది. పల్లినూనె, జర కొబ్బరినూనె, సోడా, నీళ్లు, కలుపుడు, పోసుడు, ఆరబెట్టుడు. నేను సగం విన్న, సగం వినలేదు. ఆమె తెస్తున్నది కదా, నాకెందుకు అనుకున్న.

ఎండలు తగ్గినంక రెండు వారాలు వాళ్లు రాలేదు. తర్వాతి వారం ఆ బెడ్డు మీద వేరే మనిషి ఉన్నడు. పక్కన కూర్చునే ముసలాయన చెప్పిండు, "పాయె, ఆయన పాయె. పది రోజులైతుందట." మా ఇంటామె అప్పుడే మిషన్ మీదినుంచి దిగింది. ఆ మాట విని గోడ పట్టుకొని నిలబడ్డది.

నెల రోజులకు సబ్బు చింతాకంత అయింది. నా ఫోన్‌లో ఆ చెల్లె నంబరు ఉన్నది. తీసి చూసి మళ్లా పెట్టేసేటోన్ని. మనిషి పోయిన ఇంటికి ఫోన్ చేసి సబ్బు ఉన్నదా అని ఎట్ల అడుగుత? పలకరించడానికి చేద్దామంటే, నా మనసులో సబ్బు ఉన్నదని నాకే తెలుసు. చేయలేదు. నేనే చేసి చూస్త అనుకున్న.

మొదటిసారి చేసింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గయితది. మా నాయిన పట్టు మెత్తబడేటందుకు సోడా నీళ్లలో ఉడకబెట్టేటోడు. సోడా అంటే నాకు తెలిసింది అదే, బట్టల సోడా. దుకాణంలో తెచ్చి నీళ్లలో కలిపి, అందులో పల్లినూనె పోసి, పొద్దున తిన్నప్పటినుంచి పప్పుగుత్తితో కలుపుతనే ఉన్న. చెయ్యి మార్చి చెయ్యి కలిపిన. కలిపినంతసేపు తెల్లగున్నది, ఆపితే నూనె పైకి, నీళ్లు కిందికి. మా ఇంటామె మంచం మీదినుంచి చూసి, "పప్పుచారు లెక్కున్నది. పోపు పెడదామా?" అన్నది. నవ్వలేదు. నవ్వే ఓపిక ఆమెకు లేదు, నాకూ లేదు. నూనె అంతా మోరీలో పోసి గిన్నె కడిగిన.

మా గల్లీ చివర నూలుకు రంగులద్దేటాయన ఉన్నడు. ఆయనకు చెప్పుకుంటే జరసేపు నా మొఖం చూసి, "నువ్వేసింది బట్టల సోడా. సబ్బుకు కాస్టిక్ సోడా కావాలె. మేము కొన్ని రంగులకు వాడుతం," అన్నడు. తెల్లటి పొలుసులు కొన్ని కవరులో పోసి రెండు ముళ్లు వేసి ఇచ్చిండు. "పైలం. చెయ్యి తగిలితే తోలు లేస్తది. కండ్లల పడితే కండ్లే పోతయి," అని రెండుసార్లు చెప్పిండు.

ఆయన చెప్పింది చేతుల గురించి. గిన్నె గురించి నేను అడగలేదు. అన్నం వండే సిల్వరు గిన్నె తీసుకున్న. మేము సిల్వరు అంటం గని అది అల్యూమినియం. అందులో సోడా పోసి పైనుంచి చెంబెడు నీళ్లు కుమ్మరించిన. అది బుస్సుమని పైకి లేసింది. నీళ్లు సలసల మరిగినయి, కింద పొయ్యి లేదు. గిన్నె నల్లబడ్డది, నురుగు పొంగింది, దాని ఆవిరికి గొంతు పట్టుకుపోయింది. గుడ్డతో పట్టుకొని వాకిట్లకు తీసుకపోదామని ఎత్తిన. జర ఒలికి కుడిచేతి రెండు వేళ్ల మీద పడ్డది. మొదట ఏం తెల్వలేదు, జారుడుగా అనిపించింది, అంతే. తర్వాత మంట.

ఆమె మంచం దిగి గోడ పట్టుకుంటూ వచ్చి నా చెయ్యి నల్లా కింద పెట్టింది. చాలాసేపు అట్లనే పట్టుకొని నిలబడ్డది. నీళ్లు అయిపోతయని నేను చెయ్యి తీయబోతే మళ్లా పెట్టింది. ఎడమ చేతికి బరువు పెట్టొద్దని నేను అంటుంటే వినలేదు.

"నాకు సబ్బు కావాల్నని నేనడిగిన్నా?" అన్నది.

మండుతున్న వేళ్లను నీళ్ల కింద తిప్పిన.

"చెప్పు. అడిగిన్నా?"

"అడగలే."

"మరి నీ చేతులు పోతే మగ్గం ఎవరు నేస్తరు? నేనా?"

ఆ వేళ్ల మీద తోలు లేచి మళ్లా వచ్చేదాకా ఇరవై రోజులు పట్టింది. కొత్త తోలు గరుకుగా వచ్చింది. పట్టుపోగుకు వేలు తగిలితే చాలు, పట్టుకుంటది, పోగు లేస్తది. వేలికి గుడ్డ చుట్టుకుంటే పోగు తెల్వదు. సగం నేసిన చీర మగ్గం మీదనే ఉన్నది. దాని మీద పాత దుప్పటి కప్పిన. దవాఖాన, ఇల్లు, దవాఖాన. ఆ ఇరవై రోజులు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఏం జరగలేదు. బస్సులో కూర్చొని బీచుపల్లి కాడ కృష్ణ నీళ్లు ఎన్ని ఉన్నయో చూసుడు, అంతే.

ఒక శనివారం అన్నం తినుకుంటనే ఆమె అన్నది, "రేపు ఐతారం. కొల్లాపూర్ పోదాం."

"ఎందుకు?"

"ఎనిమిది నెలలు ఒక్క బెంచి మీద కూసున్నం. వాళ్లన్న పోతే మొఖం సుత సూపియ్యలే. సబ్బు అడగుడు నీకు సిగ్గయితే నేనడుగుత."

మరుసటి రోజు మళ్లా డయాలసిస్ అని, అలసిపోతవని నేను చెప్పిన. "ఎట్లయినా అలసిపోత," అన్నది.

పెబ్బేరులో బస్సు మారినం. కొల్లాపూర్ ఇంకా రాకముందే దిగి, షేర్ ఆటో ఎక్కి, పల్లె చేరేసరికి పదకొండు దాటింది. ఇల్లు అడిగితే ఒకామె వేలుతో చూపించింది. వాకిట్లో పీకిన పల్లిచెట్లు కుప్పగా పోసి ఉన్నయి. నలుగురు ఆడోళ్లు చుట్టూ కూర్చొని కాయలు తెంపుతున్నరు. వాళ్లలో చెల్లె ఉన్నది. తల నిండా దుమ్ము. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డది గని ముందుకు రాలేదు. మా ఇంటామెనే పోయి ఆమె రెండు చేతులు పట్టుకున్నది.

లోపలికి తీసుకపోయి చాప వేసింది. నీళ్లిచ్చింది. మా ఇంటామె ఒక్క గుటక తాగి చెంబు నాకిచ్చింది. ఎంత తాగాల్నో చెల్లెకు తెలుసు కాబట్టి ఇంకా తాగమనలేదు. ఆ ఇంట్లో మాకు ఏదీ వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఫోన్ చేద్దామనుకున్న చెల్లె," అన్న నేను. "ఏమని చెయ్యాల్నో తెల్వలే."

"చేస్తే నేను సుత ఏం మాట్లాడేదాన్నో అన్న."

నా వేళ్లు చూసింది. ఎట్లయిందని అడిగింది. నేను చెప్పకముందే మా ఇంటామె, "సబ్బు చేసిండు. గిన్నె సుత కరిగింది," అన్నది. చెల్లె మొఖంలో మొదటిసారి జర కదలిక కనపడ్డది. "సిల్వరు గిన్నెల పోసినవా?" అని అడిగింది. తల ఊపిన. లేచి కాళ్లు చేతులు కడుక్కొని, "రా అన్న. ఒక్కసారి సరిగ్గా చేస్తే మళ్లా మర్చిపోవు," అన్నది.

బయట రేకుల షెడ్డు కింద పెట్టుకున్నం. ఆమె ఏదీ ముట్టుకోలేదు. అన్నీ నాతోనే చేయించింది. రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దాలు, స్టీలు గిన్నె, ప్లాస్టిక్ జగ్గు. మూడు వంతులు పల్లినూనె, ఒక వంతు కొబ్బరినూనె, రెండూ కలిపి కిలో. దానికి నూటనలభై గ్రాముల సోడా. గ్రాము ఎక్కువైతే తోలు మండుతదని, నూనె జర మిగిలితేనే ఒంటికి మంచిదని చెప్పింది. ఆమె దగ్గర కూరగాయలు తూచే కాటా ఉన్నది. మా ఇంట్లో జరీ తూకం వేసే చిన్న కాటా ఉన్నదని నేనంటే, "అయితే నాకంటే నువ్వే బాగ చేస్తవు," అన్నది.

"సోడా నీళ్లల పొయ్యాలె. నీళ్లు సోడా మీద పొయ్యొద్దు. గిన్నె ఒకటి, గదొకటి, గవే నువ్వు చేసిన తప్పులు. గాలి అటు దిక్కు పోతున్నది, ఇటు దిక్కు నిలబడు."

కొంచెం కొంచెంగా పోసిన. నీళ్లు వేడెక్కినయి, పొగ లేసింది, గని పొంగలేదు. పక్కన పెట్టి చల్లారనిచ్చినం. జగ్గు మీద చెయ్యి పెట్టి పట్టుకునేటంత గోరువెచ్చగా అయినంక నూనెలో పోసి కట్టెతో కలుపుడు మొదలుపెట్టిన. పల్లినూనె తొందరగా చిక్కబడదని, ఓపిక పట్టాలని చెప్పింది. మా ఇంటామె గోడకు ఆనుకొని కూర్చున్నది. చెల్లె ఆమె పక్కన పల్లిచెట్లు ముందటేసుకొని కాయలు తెంపుకుంట మాట్లాడింది.

"ఆ రోజు సోమవారం. నీళ్లు కాగబెట్టిన, స్నానం చేయిపిచ్చిన, అంగి తొడిగిన. బస్సుకు టైమైంది, లే అన్నా అని చెప్పిన. నేను రానమ్మ అన్నడు. ఏమైందే అంటే, ఏం కాలేదు, సాలు అన్నడు. కోపంగ అనలే. గట్లనే, అన్నం సాలు అన్నట్లు."

నేను కలుపుతనే ఉన్న. మా ఇంటామె ఆమెనే చూస్తున్నది.

"మావోళ్లు ఎత్తుకొనన్న పోదామన్నరు. నేనే వద్దన్న. ఎనిమిది దినాలు ఉన్నడు. ఆయాసం వచ్చింది ఆఖరికి. సోమశిల కాడ కృష్ణల అస్తికలు కలిపినం." కాయలు గంపలో వేసింది. "ఊరోళ్లు నన్నే అంటరు, చెల్లెలు తీసుకపోలే అని. నిజమే, తీసుకపోలే. నేను తప్పు చేసిన్నో, మంచిది చేసిన్నో నాకు తెల్వదు వదినె."

"నువ్వేం తప్పు చెయ్యలే," అన్నది మా ఇంటామె.

చెల్లె తల దించుకొని ఇంకో చెట్టు తీసుకున్నది. నేను గిన్నెలోకి చూసుకుంట ఉన్న. అప్పటికి అది గంజి లెక్క అయింది. కట్టె ఎత్తి పైన గీత గీస్తే ఆ గీత మునగకుండ నిలిచింది. చెల్లె వచ్చి చూసి, "అయింది, పొయ్యి," అన్నది. ప్లాస్టిక్ డబ్బాలో పోసినం. మూత పెట్టి తువ్వాలలో చుట్టి ఇచ్చింది. పోయేటప్పుడు ఆమె ఒక సంచి నిండ పల్లికాయ పెట్టింది. మా ఇంటామె పల్లీలు ఎక్కువ తినొద్దని ఆమెకు తెలుసు, "నీకు అన్న," అన్నది.

వచ్చే బస్సులో డబ్బా నా ఒళ్లో పెట్టుకున్న. తువ్వాల మీదినుంచి కూడా వెచ్చగా తెలుస్తున్నది. సబ్బు లోపల ఇంకా కాగుతుంటదట. మా ఇంటామె కిటికీ దగ్గర కూర్చున్నది. పెబ్బేరులో దిగినం. అక్కడ గద్వాల బస్సు ఎక్కి సీట్లో కూర్చున్నంక, బయటికి చూసుకుంటనే అన్నది.

"నాకు సుత ఒక్కోసారి గట్లనే అనిపిస్తది, సాలు అని."

గట్ల అనకు అని అనొచ్చు. అంటే ఆమె మళ్లా చెప్పదు, అంతే. "తెలుసు," అన్న. నాకు నిజంగా తెలుసో లేదో కూడా తెల్వదు. ఆమె డబ్బా మీద చెయ్యి పెట్టి, "వేడిగున్నది," అని కండ్లు మూసుకున్నది.

రెండో రోజు సబ్బు తీసిన. కత్తితో కోస్తే అంచులు విరుగుతున్నయని నూలు పోగులు నాలుగు పేనిన దారంతో కోసిన. దారం రెండు చేతుల్ల పట్టి లాగితే వెన్నలో పోయినట్టు పోయింది. పది ముక్కలు అయినయి. మగ్గం పైనున్న అటక మీద వరుసగా పెట్టిన. నలభై రోజులు ఆరాలన్నది చెల్లె. అంతవరకు వాడొద్దు. మగ్గంలో కూర్చొని తల ఎత్తితే అవి కనపడేవి. వేళ్లు మెత్తబడ్డయి కాబట్టి దుప్పటి తీసి ఆ సగం చీర మళ్లా మొదలుపెట్టిన.

ఆ నలభై రోజుల నడుమ కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మా ఇంటామె రక్తం రిపోర్టు చూసి, దురద ఎంత కాలంనుంచి అని అడిగింది. ఒంట్లో ఫాస్ఫరస్ ఎక్కువున్నదని, దానివల్ల కూడా దురద వస్తదని చెప్పి, అన్నంతోపాటు నమిలే గోలీలు రాసింది. పాలు, పల్లీలు, పప్పులు తగ్గించమన్నది. మూడు వారాలకు దర్వాజ దగ్గర చప్పుడు తగ్గింది. పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది. నేను ఒకసారి నూనె పారబోసి, చెయ్యి కాల్చుకొని, ఊరు దాటి పోయి నేర్చుకున్న పని కంటే ఒక గోలీ ఎక్కువ పని చేసింది. దానికి బాధపడాల్సింది ఏం లేదు. అయినా ఆ రోజు జర మనసు చిన్నబోయింది, అది నిజం.

నలభై రోజులైనంక ఒక ముక్క తీసి నాలుక కొసకు ఆనించి చూసిన. చురుక్కుమనలేదు. ఆమెకిచ్చిన. ఫిస్టులా చెయ్యి ఎక్కువ తిప్పొద్దు కాబట్టి వీపు నేనే రుద్దిన. నురుగు తక్కువ, చేతికి మెత్తగా తగులుతది. వీపు మీద పాత గీతలు నల్లగా మిగిలినయి. "ఎట్లున్నది?" అని అడిగిన. "చెల్లె చేసినంత బాగలేదు," అన్నది. చెంబెడు నీళ్లు పోసుకొని, "మంట లేదు," అన్నది.

తర్వాత ఇంట్లోనే చేసిన. స్టీలు గిన్నె, జరీ కాటా. ఒకటి మెత్తగయి అరవై రోజులైనా గట్టిపడలేదు. ఇంకోటి పైన తెల్లటి పొడి లేసింది. చెల్లెకు ఫోన్ చేసి అడిగితే నీళ్లు ఎక్కువైనయనో, చల్లారనియ్యలేదనో చెప్పేది. చెప్పి, వదినె ఎట్లున్నది అని అడిగేది. ఇప్పుడు ఫోన్ చేయడానికి నాకు సిగ్గు లేదు. వరండాలో ఒకరిద్దరు అడిగితే ఇచ్చిన. ఇంకా అడిగినోళ్లకు చేస్తనని చెప్పి చేయలేదు. ఓపిక లేకపాయె.

పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున నేను డబ్బాలో అన్నం సర్దుతుంటే ఆమె మంచం మీదినుంచి లేవలేదు. బస్సుకు టైమైందన్న.

"ఇయ్యాల రాను," అన్నది.

కోపంగా అనలేదు. నా చేతిలో గరిటె ఉన్నది. అది పెట్టేసి ఆమె దగ్గరికి పోయి నిలబడ్డ. ఏమైందని అడగబుద్ధి కాలేదు, ఏం చెప్తదో అని. "సరే," అని నా నోటినుంచి ఎట్ల వచ్చిందో నాకు తెల్వదు. బయటికి వచ్చి గడప మీద కూర్చున్న. వాకిట్ల ఎండ పడ్డది. ఎదురింటోళ్ల మగ్గం చప్పుడు మొదలైంది. ఆరుగంటల బస్సు పోయే ఉంటది.

ఎంతసేపైందో తెల్వదు. లోపల బకెట్ చప్పుడైంది. పోయి చూస్తే ఆమె స్నానాల గది ముందు నిలబడి ఉన్నది.

"నీళ్లు వేడిగున్నయా?" అని అడిగింది.

"పెడుత."

"వీపు రుద్దు. మళ్లా బస్సెప్పుడు?"

"ఏడున్నరకు ఉన్నది."

నేను నీళ్లు పెట్టిన. ఆమె ఎందుకు మనసు మార్చుకున్నదో అడగలేదు, ఆమె చెప్పలేదు. దవాఖాన చేరేసరికి పది కావస్తున్నది. నర్సమ్మ మా ఇద్దరి మీద గట్టిగనే కోపం చేసింది. టైం తప్పితే ఇంకొకరిది తప్పుతదని, గిట్ల చేస్తే బెడ్డు వేరేవాళ్లకు ఇస్తమని అన్నది. ఇద్దరం తల ఊపినం. మా ఇంటామెను లోపలికి తీసుకపోయిన్రు. సూది గుచ్చేటప్పుడు ఆమె మొఖం ఇటు తిప్పుకుంటది, అప్పటిదాక తలుపు దగ్గర నిలబడ్డ. ఆ రోజు ఇటు తిప్పుకొని నన్ను చూసి, "పోయి తిను. పొద్దున తినలే నువ్వు," అన్నది.

వరండాకు వచ్చి డబ్బా విప్పిన. ఆమె కొరకు కట్టిన అన్నమే పెట్టుకొని వచ్చిన్నని, నాది ఇంట్లనే మర్చిపోయిన్నని అప్పుడు తెలిసింది. మూత పెట్టి బయట హోటల్ దిక్కు నడిచిన.